పొగడ్తల పుణ్యమా అని ఆగిన నవలలు

తెలుగులో నవలలు తగ్గిపోయాయని ఏటా పుస్తక ప్రదర్శనల వేళ వాపోయే పెద్దలకు ఒక సంగతి మనవి చేయాలి. అవి ఊరికే తగ్గలేదు. తగ్గించడానికి కొందరు రాత్రింబవళ్లు కష్టపడుతున్నారు. కాగితం ధర వల్లో, సెల్‌ఫోన్ వల్లో, పిల్లల ఇంగ్లిష్ మీడియం వల్లో నవల ఆగిందనుకుంటే ఆ కష్టజీవులకు అన్యాయం చేసినట్టే. కాగితం ధరకు జడిసి నవల మానేసిన తెలుగువాడు ఇంతవరకు పుట్టలేదు, అప్పు చేసైనా అచ్చేస్తాడు. అలాంటివాణ్ణి కూడా మధ్యలో కూలేయగలిగింది ఒక్కటే. సోమవారం సాహిత్య పేజీలో వేరే రచయిత మీద వచ్చిన పొగడ్త.

ఈ సేవకు ఇంతవరకు ఒక శాలువా కూడా దక్కలేదు. లెక్క చూపిస్తే తప్ప మనవాళ్లు దేన్నీ నమ్మరు కాబట్టి లెక్కే వేద్దాం. మామూలుగా నవలలు వేసే డెమీ 1/8 సైజులో ఫారమంటే ఒక షీటు మడిస్తే వచ్చే 16 పేజీలు. 240 పేజీల నవలకు 15 ఫారాలు. 500 ప్రతులు వేస్తే, 500 షీట్లకు రీము చొప్పున, సరిగ్గా 15 రీముల డెమీ కాగితం. మెషీన్ మీద పాడయ్యేది, అట్టకు పట్టే ఆర్ట్ కార్డు వేరే. అంటే అరపేజీ వ్యాసం ఒక కొత్త రచయితను పదకొండో అధ్యాయం దగ్గర కూర్చోబెట్టగలిగితే దేశానికి 15 రీములు మిగిలినట్టు. మంచం కింద చేరాల్సిన అట్టపెట్టెలు చేరవు. "ఇవెప్పుడు తీయిస్తారు" అని ఇంట్లో ఎవరూ అడగరు. ఆ సంసార శాంతికి రీముల్లో కొలత లేదు.

ఇంత శక్తిగల సరుకు ఎలా తయారవుతుందో కాస్త చూడాలి. ముందుమాట రాసే పెద్దాయనకు పీడీఎఫ్ అందేది పుస్తకం ప్రెస్సుకు వెళ్లడానికి వారం ముందు. ఆవిష్కరణకు హాలు అప్పటికే బుక్కయి ఉంటుంది. అందువల్ల ఆ నవల ఆయన్ని ఎంత కదిలించాలన్నది హాలు తేదీ నిర్ణయిస్తుంది. మొదటి పేరాలో రచయిత ఊరు, ఆ ఊరి పక్క ఏరు, ఏరు లేకపోతే చెరువు. రెండో పేరాలో టాల్‌స్టాయ్, దొస్తయేవ్‌స్కీ, మార్క్వెజ్. ఈ ముగ్గురూ తెలుగు ముందుమాటల్లో తిరిగినంతగా సొంత ఊళ్లలో కూడా తిరిగి ఉండరు. మూడో పేరా ఆ రాత్రి నిద్ర పట్టకపోవడం గురించి. తర్వాత రెండు పేజీల కథ. చివర్లో "ఒకటి రెండు చోట్ల నిడివి తగ్గితే బాగుండేదేమో, అయితే అది లోపం కాదు" అన్న వాక్యం తప్పనిసరి. పెద్దాయన నిష్పక్షపాతమంతా అందులోనే ఉంటుంది.

ఇక గుండె తడి, మట్టి వాసన, జీవితాన్ని కాచి వడపోయడం, తెలుగు నవలను మలుపు తిప్పడం. మట్టి వాసన కనిపెట్టేవారు సాధారణంగా ఐదో అంతస్తులో ఉంటారు. మలుపుల సంగతికొస్తే, మన నవల 1872లో ‘శ్రీరంగరాజ చరిత్ర’తో బయల్దేరిందన్నా, 1878లో ‘రాజశేఖర చరిత్రము’తో బయల్దేరిందన్నా (ఈ పేచీ ఇంకా తెగలేదు) ఇప్పటిదాకా తిప్పిన మలుపులన్నీ కలిపితే తిరిగి తిరిగి ఆ మొదటి చోటికే వచ్చి ఉండాలి.

సరుకు మంచిదే గానీ తయారీలో కొన్ని పొరపాట్లు దొర్లుతున్నాయి. సరిదిద్దుకోకపోతే నవలలు మళ్లీ పుట్టుకొచ్చే ప్రమాదముంది. కొత్త రచయిత కొంచెం గడుసువాడైతే, వ్యాసంలో ఉటంకించిన వాక్యాలు పుస్తకంలో ఏ పేజీలో ఉన్నాయో వెతుకుతాడు. 7, 11, 19, 30, ఆ తర్వాత ఒక్కసారిగా 236. సమీక్షకుడు మొదటి రెండు ఫారాలు, ఆఖరి ఫారం చదివాడని, నడిమి పన్నెండూ దాటేశాడని తెలిసిపోతుంది. కాబట్టి ఉటంకింపులు తగ్గించాలి. తప్పదనుకుంటే మధ్యలో ఎక్కడో వేలు పెట్టి ఒకటి తీసుకోవాలి. ఆ వేలు పెట్టేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం. 90వ పేజీలో కాలం చేసిన పెద్దమ్మను "నవల చివరిదాకా మనల్ని వెన్నంటే పాత్ర" అన్నారంటే కొత్త రచయితకు ఆ పూట ఎక్కడలేని ఉత్సాహం వస్తుంది, రెండు పేజీలు రాసేస్తాడు.

ఇంకో పరీక్ష ఉంది. ఇది జనానికి తెలియకుండా చూడటం మరీ ముఖ్యం. వ్యాసంలో నవల పేరు, రచయిత పేరు, పాత్రల పేర్లు, ఊరి పేరు పెన్సిలుతో కొట్టేసి, మిగిలింది బీరువాలో ఉన్న వేరే ఏ నవలకైనా సరిపోతుందేమో చూడటమే ఆ పరీక్ష. సరిపోయిందంటే అది ఎవరి గురించీ రాసింది కాదు, దాన్ని చూసి దిగులు పడాల్సిన పనీ లేదు. సాధారణంగా అంతా సరిపోతుంది. ఎప్పుడో ఒకసారి మాత్రం సరిపోని వాక్యం ఒకటి తగులుతుంది. తండ్రి అప్పు తీర్చిన సంగతి తండ్రి నోట చెప్పించకుండా, కిరాణా కొట్టు ఖాతా పుస్తకంలో ఆయన పేరు మీద పడ్డ అడ్డగీతతో చెప్పాడు అన్నట్టుగా ఉంటుందది. అలాంటి వాక్యం చదివినవాడు దిగులుపడటం మర్చిపోయి తన నాలుగో అధ్యాయం తెరుస్తాడు. అక్కడ ఒక పాత్ర ఉత్తపుణ్యానికి పావుపేజీ మాట్లాడుతోందని గమనిస్తాడు, కొట్టేస్తాడు. పొగడ్త వ్యాసం నవలకు పనికొచ్చిందన్న మాట! ఇలాంటివి రాసే సమీక్షకులను ముందే కనిపెట్టి వాళ్లకు కాలమ్ ఇవ్వకుండా చూసుకోవాలి. సంపాదకులు ఈ విషయంలో ఇప్పటికే చాలా శ్రద్ధ చూపుతున్నారు.

సరైన పొగడ్త సరిగ్గా తగిలితే ఎలా ఉంటుందో చూడండి. "ప్రతి వాక్యమూ ఉలితో చెక్కినట్టుంది" అని పేపర్లో చదివిన కొత్త రచయిత ల్యాప్‌టాప్ తెరుస్తాడు. ఫైలు పేరు ‘నవల ఫైనల్ కొత్తది 3’. అందులో ‘రేపొస్తా’ అన్నాడు వెంకట్రావు, అని ఉంటుంది. ఇందులో ఉలి ఎక్కడా కనబడదు. ‘అన్నాడు’ మరీ చప్పగా తోచి ‘పలికాడు’ అవుతుంది. వెంకట్రావు ఆర్టీసీ కండక్టరు గనక పలకడం నప్పదు. ‘గొణిగాడు’ అవుతుంది. గొణగడానికి కారణం కావాలి గనక వెంకట్రావుకు ఒక మనోవ్యథ, మనోవ్యథకు ఒక బాల్యం, బాల్యానికి ఒక చింతచెట్టు. మధ్యాహ్నం భోజనాల వేళకు రెండు పేజీల ఫ్లాష్‌బ్యాక్ తయారు. రేపొస్తానన్న మనిషి మాత్రం ఎప్పటికీ రాడు.

మరుసటి సోమవారం వ్యాసంలో "మాండలిక సౌరభం" అని వస్తుంది. ఆ రచయితది కడప, మనవాడిది కాకినాడ. ఐనా సరే, ఐదో అధ్యాయంలో వెంకట్రావు "యాడికి పోతాండావు" అంటాడు. ఆరో అధ్యాయం అంతకు ముందే రాసింది గనక అక్కడ అదే మనిషి "ఎక్కడికెళ్తన్నారండీ బాబూ" అంటాడు. పులివెందులలో ఎక్కి పిఠాపురంలో దిగినట్టుంటుంది. కండక్టరే గదా, చెల్లుతుందిలే అని సరిపెట్టుకుంటాడు. మాండలికం క్రియ చివర అతికించేది కాదని, వరసలు పిలవడంలో, తిట్టడంలో, తిండి పేర్లలో, ఏ మాట నోరు తెరిచి అడక్కూడదో తెలియడంలో ఉంటుందని ఆ వ్యాసం ఎక్కడా చెప్పదు. చెప్తే వాడు కాకినాడ నవల రాసుకుంటాడు. మనకు కావలసింది అది కాదు.

పొగడ్త వ్యాసాలకు ఇంకో గొప్ప అలవాటుంది. అవి ఎప్పుడూ నవల మొదటి పేరానే ఎత్తి చూపిస్తాయి. దాంతో నవలంటే మొదటి పేరాయేనని కొత్తవాడికి స్థిరపడుతుంది. మొదటి అధ్యాయానికి పద్నాలుగు చిత్తులుంటాయి. పన్నెండో అధ్యాయానికి శీర్షిక ఉంటుంది. కథ ఎటు పోయి తేలిందో తెలిశాక గానీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదని, అందుకే చాలామంది మొదటి అధ్యాయాన్ని ఆఖర్న తిరగరాస్తారని, మొదట రాసిన మొదటి అధ్యాయం తరచుగా మొత్తంగా ఎగిరిపోతుందని వాడికి తెలిసిందా, పన్నెండో అధ్యాయం మొదలెట్టేస్తాడు.

పొగడ్తల్లో బ్రహ్మాస్త్రం వేరే ఉంది. ‘వేయిపడగలు’ నవల విశ్వనాథ సత్యనారాయణ ఆశువుగా చెబుతుంటే తమ్ముడు రాశారనీ, 29 రోజుల్లో పూర్తయిందనీ అంటారు. ఈ సంగతి తెలుగు రచయితలందరికీ తెలుసు, ఆ నవల చదవనివాళ్లకు మరీ బాగా తెలుసు. దాదాపు వెయ్యి పేజీల పుస్తకాన్ని 29తో భాగిస్తే రోజుకు 34 పేజీల పైమాటే. మనవాడు 29 రోజుల్లో ఫాంటు ఎంచుకున్నాడు. ఈ ఒక్క అంకె కూల్చిన నవలల ముందు సాహిత్య పేజీలన్నీ కలిపినా చాలవు. అయితే దీన్ని ప్రయోగించేటప్పుడు మిగతా కథ బయటపెట్టకూడదు. అప్పటికే ఆయన ‘ఏకవీర’ రాసేసి ఉన్నారని, ఏళ్ల తరబడి పద్యం చెప్పి చెప్పి ఆ నోటికి ధార అలవడిందని, ఆంధ్ర విశ్వవిద్యాలయం నవలల పోటీ గడువు నెత్తిమీద ఉందని చెప్పకూడదు. 1934 నాటి ఆ పోటీలో బహుమతి మొత్తంగా ఆయనకే రాలేదని, అడివి బాపిరాజు ‘నారాయణరావు’తో చెరిసగం పంచారని అసలే చెప్పకూడదు. ఆ న్యాయనిర్ణేతలకే ఎటూ తేల్చుకోవడం కుదరలేదని తెలిస్తే కొత్తవాడికి ధైర్యం వస్తుంది. ధైర్యం వస్తే ఏమవుతుందో పైన లెక్క వేశాం, 15 రీములు.

అవార్డులు కూడా ఇలాగే. తెలుగు నవలకు మొదటిసారి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం 1963లో ‘పండిత పరమేశ్వర శాస్త్రి వీలునామా’కు వచ్చిందని రాయవచ్చు. దాన్ని రాసిన గోపీచంద్ 1962లోనే పోయారన్నది పక్క వాక్యంలో రాయకపోతే చాలు.

ఇక అచ్చు మహిమ. పొగిడించుకున్న నవల డెమీ సైజులో, చుట్టూ తీరైన మార్జిన్లతో, పదమూడు పాయింట్ల అక్షరంతో కళ్ల ముందుంటుంది. మనవాడి నవల వర్డ్‌లో, ఎర్ర గీతలతో, వొత్తులు పక్కకు జరిగిపోయి ఉంటుంది. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టుకుని చూసినవాడికి దిగులు కలగక మానదు. పొగడ్త పనిలో సగం డీటీపీ ఆపరేటరు చేసిపెడుతున్నాడు. పాపం ఆయన కష్టం వేరే ఉంటుంది, యూనికోడ్‌లో వచ్చినదాన్ని అను ఫాంట్లలోకి మార్చేసరికి ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల్లో పొల్లు ఎగిరిపోయి అక్షరాలు ఒకదాని కింద ఒకటి దూరతాయి. మూడు ప్రూఫులు దిద్దినా ఒకటి మిగులుతుంది, అది అంకితం పేజీలోనే ఉంటుంది. ఏమైతేనేం, ఎవరైనా కుర్రవాడు ఆ గొప్ప నవల్లోంచి ఒక పేజీ తన వర్డ్ ఫైల్లోకి టైపు చేసుకుని, తన పేజీ ఒకటి డెమీ సైజులో ముద్రించి చూసుకున్నాడంటే గుట్టు రట్టవుతుంది. ఆ పేజీ నేలకు దిగుతుంది, వాడి పేజీకి కాస్త మర్యాద వస్తుంది. టైపు చేసేటప్పుడు ఇంకో ముప్పు కూడా ఉంది. ఏ వాక్యం ఎక్కడ తుంచారో, ఏ విశేషణం వేయకుండా వదిలేశారో వేళ్లకు తెలుస్తుంది. చదివినప్పుడు కంటికి అందనివి అప్పుడు అందుతాయి.

పుస్తకం తెరవగానే ఎడమవైపు ఉండే ముద్రణ వివరాల పేజీ మరీ చెడ్డది. ‘ప్రథమ ముద్రణ’ అని ఒక ఏడు, ‘ప్రతులు: 500’, ‘ద్వితీయ ముద్రణ’ అని ఎంతో ఎడంగా ఇంకో ఏడు. ప్రచురణకర్త చిరునామాలో రచయిత ఇంటి నంబరు. తెలుగు నవలను మలుపు తిప్పిన పుస్తకం 500 ప్రతులు కదలడానికి ఎన్నేళ్లు పట్టిందో, అమ్మిపెట్టే షాపుకు నలభై శాతం పైచిలుకు వదులుకుని మిగిలింది ఎప్పుడు చేతికొచ్చిందో లెక్కలు వచ్చినవాడు అక్కడే పోల్చుకుంటాడు. ఆ పేజీని ఇకమీదట గమ్‌తో అతికించి అమ్మాలి.

ఆవిష్కరణ సభ గురించి ఎంత చెప్పినా తక్కువే. హైదరాబాద్‌లో చిక్కడపల్లి త్యాగరాయ గానసభ అనుకోండి, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం అనుకోండి. కార్డులో ఆరు గంటలని వేస్తారు, ఆరూముప్పావుకు జ్యోతి ప్రజ్వలన. వేదిక మీద సభాధ్యక్షులు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథి, ఆవిష్కర్త, కృతి స్వీకర్త, తొలి ప్రతి స్వీకర్త, సమీక్షకులు. వీళ్లకు కుర్చీలు సర్దాక మిగిలినవాళ్లను ప్రేక్షకులంటారు. రంగు కాగితం చుట్టిన పుస్తకాల కట్ట పళ్లెంలో వస్తుంది. రిబ్బను ముడి ఎప్పుడూ బిగిసిపోయే ఉంటుంది, కత్తెర ఎప్పుడూ ఉండదు. ముఖ్య అతిథి గోటితో, విశిష్ట అతిథి పంటితో ప్రయత్నించాక వెనకనుంచి ఎవరో తాళంచెవి అందిస్తారు. అందరూ పుస్తకాలు గుండెలకు ఆనించుకుని ఫొటోగ్రాఫర్ వైపు చూస్తారు. ఒక పుస్తకం తలకిందులుగా ఉంటుంది, మర్నాడు పేపర్లో అలాగే వస్తుంది. ఆ తర్వాత మైకులో "ఇంకా పూర్తిగా చదవలేదు గానీ" అని మొదలుపెట్టి, "రెండే నిమిషాలు" అని మాటిచ్చి, ఒక్కొక్కరు పాతిక నిమిషాలు. అందులో ఎవరో ఒకరు "ఇలాంటి నవల నభూతో నభవిష్యతి" అంటారు. గతంలో రాలేదంటే సరే. భవిష్యత్తులోనూ రాదని తేల్చేశాక, భవిష్యత్తులో రాయాల్సినవాడు మూడో వరసలో కూర్చుని ఏం చేయాలి? లేచి బస్సు పట్టుకుంటాడు.

కాస్త ఆగి ఉంటే, ఆ మాట అన్నాయన సొంత నవల వచ్చే నెల్లో అదే హాల్లో ఆవిష్కరణ అని, దానికి నేటి రచయితే ముఖ్య అతిథి అని వినేవాడు. ఆ ప్రకటన వందన సమర్పణలో చేస్తారు. వందన సమర్పణ దాకా ఎవరూ ఉండరు గనక ప్రమాదం లేదు.

ఈ వ్యవస్థకు ఈమధ్య ఒక దెబ్బ తగిలింది. పత్రికలు సమీక్షకు రెండేసి ప్రతులు అడుగుతాయి. వాటిని చౌకగా పంపుకోవడానికి ఉన్న రిజిస్టర్డ్ బుక్ పోస్టును తపాలా శాఖ 2024 డిసెంబరులో ఎత్తేసింది. పార్సిలు ఖర్చుకు వెరచి రచయితలు ప్రతులు పంపడం తగ్గిస్తే సమీక్షలు తగ్గుతాయి. పొగడ్తలు తగ్గుతాయి. కొత్త నవలలు వరదలా పొంగుతాయి. ఇంత దూరం ఆ శాఖలో ఎవరూ ఆలోచించినట్టు లేదు.

పొగడ్త చేసే మేలులో సగమే ఇప్పటిదాకా చెప్పుకున్నాం. రెండో సగం పొగిడించుకున్న రచయిత ఇంట్లో జరుగుతుంది. ఆయన కూడా సోమవారం పేపరు చూస్తాడు. తన నవలలో "నీటి ప్రతీక అంతర్వాహినిగా సాగింది" అని చదివి ఆశ్చర్యపోయి పుస్తకం తిరగేస్తాడు. ఒకచోట బిందె ఉంది, ఇంకోచోట వాన ఉంది. సరే, ఉందేమోలే అనుకుంటాడు. కొత్త నవల మూడో అధ్యాయంలో ఇప్పుడు నీళ్లు లేవు. మునుపటి స్థాయి అందుకోవాలంటే నీళ్లు కావాలి. ఎన్నడూ లేంది ఒక బావి తవ్విస్తాడు, బావి దగ్గరకు ఎవరూ ఎందుకు రావాలో తోచదు, పక్కన పెడతాడు. ఆదివారం ఎవరో కుర్రవాడి మొదటి నవల మీద వచ్చిన పొగడ్త చదివి, ఈ వయసులో వీళ్ల భాష మనకెక్కడ వస్తుందిలే అని నిట్టూరుస్తాడు. ఒకే వ్యాసంతో రెండు నవలలు ఆగాయి. 30 రీములు.

ఇన్ని ఏర్పాట్లున్నా అక్కడక్కడా కొందరు నవల పూర్తి చేస్తూనే ఉన్నారు. సాహిత్య పేజీ చదవనివాళ్లు, చదివినా అన్నాడును అన్నాడుగానే ఉంచేవాళ్లు, పన్నెండో అధ్యాయం బాగాలేదని తెలిసీ పదమూడులోకి వెళ్లేవాళ్లు. వీళ్లను ఆపడానికి మిగిలిన మార్గం ముందుమాట రాసిపెడతానని మాటివ్వడం. చిత్తుప్రతి తెప్పించుకోవాలి. ఫోన్ చేసినప్పుడల్లా "ఇంకో ముప్ఫై పేజీలే నాయనా, ఆపకుండా చదివిస్తోంది" అనాలి. రెండు నెలలయ్యాక కళ్లు లాగుతున్నాయి, పీడీఎఫ్ కాదు ప్రింటు పంపమనాలి. ప్రింటు పంపితే అక్షరాలు చిన్నవనాలి, పదహారు పాయింట్లలో పంపమనాలి. పంపితే స్పైరల్ బైండింగ్ లేదనాలి. స్పైరల్ కూడా చేయించి, ఆటో ఎక్కి ఇంటికే తెచ్చి ఇచ్చాడంటే ఇక గత్యంతరం లేదు, చదవాల్సిందే.